ఇరవై సార్లు ఏమీ కాలేదు

"మొదట్నుంచి చెప్పు. నువ్వేం అనుకున్నావో వద్దు. నీ చేతులు ఏం చేశాయో అది చెప్పు చాలు."

"ఎన్నిసార్లు చెప్పాలండీ?"

"నాకు ఇదే మొదటిసారి."

వంటగదిలో చిన్న బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. అడుగుతున్నావిడకి యాభై దాటాయి. పోలీసు శాఖలో ఉన్నప్పుడు ఆవిడకి నిదానం అని పేరు పెట్టారు. ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్ అయి ఎనిమిదేళ్లయినా ఆ పేరు మాత్రం ఆవిడని వదల్లేదు.

జవాబు చెప్పాల్సిన అమ్మాయికి ముప్పై నాలుగు. వయసు మీదపడి తమ పనులు తాము చేసుకోలేని వాళ్ల ఇళ్లకి వెళ్లి, డాక్టరు ఎప్పుడు రావాలి, మందులు ఎవరు వెయ్యాలి, స్నానం ఎలా చేయించాలి, అసలు ఆ మనిషికి ఏం కావాలి, ఇవన్నీ చూసుకునే కేర్ మేనేజర్. ఒక సంస్థ తరఫున తొమ్మిది మంది పెద్దవాళ్లని చూస్తోంది. నిన్న మధ్యాహ్నం దాకా చూసింది అనడం సరైనది.

"సోమవారం సాయంత్రం ఆరింటికి ఈ ఇంటికి వచ్చాను," అంది అమ్మాయి. "ఈ ఇంటి పెద్దావిడ, పెద్దక్క గారికి వెన్నులో కాన్సర్. వీపు మీద నొప్పి మందు ప్యాచ్ అంటిస్తాం. అందులోని మందు చర్మంలోంచి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్తుంది. మూడు రోజులకోసారి మార్చాలి. ఈమధ్య మా సంస్థ నర్సు, పెద్ద సిస్టర్ వచ్చి మారుస్తున్నారు. ఆ రోజు జ్వరమని సెలవు పెట్టారు. నాకూ శిక్షణ ఉంది కాబట్టి నేను మార్చాను."

"వీపు మీదే ఎందుకు?"

"పెద్దక్క గారికి మతిమరుపు కదండీ. ముందువైపు వేస్తే పీకేసుకుంటారు. రెండు భుజాల మధ్య అయితే చెయ్యి అందదు."

"ఊఁ. చేతులు."

"చేతులు కడుక్కుని గ్లౌజులు వేసుకున్నాను. పాతది తీస్తున్నానని ఆవిడకి చెప్పాను. చెప్పకుండా నేను దుప్పటి కూడా తొలగించను. శుక్రవారం సిస్టర్ వేసిన ప్యాచ్ తీసి, జిగురు లోపలికి వచ్చేలా మడిచి, వాడేసినవి వేసే డబ్బాలో వేశాను. అలమారలోంచి కొత్త ప్యాకెట్ తీసి చింపాను. ప్యాచ్ మీద తేదీ, టైము రాసి అంటించి, అరచేత్తో అర నిమిషం అదిమిపట్టాను. పుస్తకంలో రాసి ఆరున్నరకి వెళ్లిపోయాను."

"మంగళవారం?"

"పొద్దున పదింటికి వాళ్ల తమ్ముడు గారు ఫోన్ చేశారు, అక్క లేపితే లేవట్లేదని. పద్దెనిమిది నిమిషాల్లో వచ్చాను. పెదవులు నీలంగా ఉన్నాయి. ముందు ప్యాచ్ పీకేశాను. తర్వాత అంబులెన్స్‌కి ఫోన్ చేశాను."

"ముందు పీకడం, తర్వాత ఫోను."

"అవునండీ. మాకు అలాగే నేర్పారు."

"ఇన్‌స్పెక్టరు నీ మెడకి చుట్టబోయేది ఆ మాటే."

అమ్మాయి రెండు చేతులూ బల్ల కిందికి దించుకుంది.

"జైలంటే నాకు భయం లేదని అబద్ధం చెప్పనండీ. ఉంది. కానీ రాత్రంతా కన్ను మూతపడనిది అందుకు కాదు. నేను ఎక్కడా తప్పు చేయలేదు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తప్పు కనపడట్లేదు. తప్పు జరగకుండానే పెద్దక్క గారికి అలా అయిందంటే, మిగతా ఎనిమిది మందిలో ఇంకొకరికి కూడా అలా కావచ్చు కదా. ఎవరికో తెలీదు, ఎప్పుడో తెలీదు. నా ఫోనూ, తాళాలూ తీసేసుకున్నారు. ఆ ఇళ్ల ఛాయలకి వెళ్లొద్దన్నారు. నా బదులు పెద్ద సిస్టరే అందర్నీ చూస్తున్నారట. జాగ్రత్తగా ఉండమని ఆవిడకైనా ఎవరో ఒకరు చెప్పాలి కదా."

బయట బూట్ల చప్పుడయింది.

తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చాడు ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు నిదానం కింద ఎస్సైగా పనిచేసిన మనిషి. అతని రిపోర్టులు ఆవిడ ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపేది. ఆ ఎర్ర సిరా అతను ఇంకా మర్చిపోలేదు.

"నిదానం గారూ! ఇంకా మొదటి ప్రశ్న దగ్గరే ఉన్నారా, రెండోదాకా వచ్చారా?"

"మొదటిదే. జవాబు బాగుంటే రెండోది అక్కర్లేదు."

"జవాబు నేను చెప్తాను, మీకు శ్రమ దేనికి?" గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "రెండు నెలల్లో పెద్ద సిస్టర్ ఇరవై ప్యాచ్‌లు వేసింది. ఇరవై సార్లు ఏమీ కాలేదు. ఇరవై ఒకటోది ఈవిడ వేసింది. తెల్లారేసరికి ముసలావిడ వెంటిలేటర్ మీద పడింది. ఇందులో నిదానంగా ఆలోచించాల్సింది ఏముంది?"

"ప్యాచ్‌ని ల్యాబ్ చూసిందా?"

"చూసింది. మందు సరైనదే. డాక్టరు రాసిన మోతాదే."

"మరి నేరం ఏంటి?"

"దాంతో పాటు ఇంకేదో మింగించింది. రక్తం రిపోర్టు మధ్యాహ్నానికి వస్తుంది. మనిషి నీలంగా పడుంటే ఎవరైనా ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేస్తారు. ఈవిడ ముందు ప్యాచ్ పీకింది. ఎందుకు? నెపం ప్యాచ్ మీదికి తోసెయ్యడానికి."

"ఎవరు? ఎవర్ని తోశారు?" అంటూ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు తమ్ముడు. డెబ్భై ఆరేళ్లు. చెవికి మిషను ఉంది కానీ తనకి నచ్చినప్పుడే అది పనిచేస్తుంది. నిదానాన్ని పిలిపించింది ఆయనే. గ్లాసు తీసుకెళ్లి అమ్మాయి ముందు పెట్టాడు. "తాగు అమ్మాయ్. నిన్నట్నుంచి ఏం తిన్నావో ఏంటో."

"పెద్దాయనా, మీ అక్క ప్రాణం తియ్యబోయిన మనిషికి టీ ఇస్తున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏంటి?"

"మీ అక్క ప్రాణం తియ్యబోయిన…"

"మొదటిసారే వినపడింది. రెండోసారి అనడానికి నోరు వస్తుందా లేదా అని అడిగాను." తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. "మా అక్క నన్ను మర్చిపోయింది నాయనా. నేనెవరో ఉత్తరాలు తెచ్చే మనిషిననుకుంటుంది. ఈ అమ్మాయి వచ్చే రోజు మాత్రం పొద్దున్నే తల దువ్వమని నా ప్రాణం తీస్తుంది. అలాంటి పిల్ల…" మాట పూర్తి కాలేదు. "ఆసుపత్రి నుంచి ఫోన్ మోగినప్పుడల్లా నా గుండె ఆగిపోతోంది."

"ఈవిడని తీసుకెళ్లడానికి పదకొండుకి లేడీ కానిస్టేబుల్ వస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అప్పటిదాకా మీ ఇష్టం, మేడమ్. గంటా పది నిమిషాలుంది. మీకు కళ్లద్దాలు తుడుచుకోడానికే సరిపోతుంది."

"గది తెరవండి."

"మా వాళ్లు నిన్ననే చూశారు."

"చూశారు. చదివారా?"

పెద్దక్క గది తాళం తీసేసరికి పది దాటింది. డెట్టాల్, పౌడరు కలిసిన వాసన కొట్టింది. పైకీ కిందికీ తిప్పే ఇనుప మంచం తల దగ్గర సగం లేచి ఆగిపోయి ఉంది. పరుపులో మనిషి ఆకారంలో చిన్న పల్లం. అది చూడగానే తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి అడుగు పడలేదు.

నిదానం మంచం వైపు వెళ్లలేదు. గోడకి అంటించిన పెద్ద చార్టు ముందు నిలబడింది. తేదీల కింద రోజుకి మూడు గళ్లు. గడికో అంకె.

"ఇదేంటి?"

"నొప్పి చార్టండీ," అంది అమ్మాయి. "నొప్పి ఎంతుందో చెప్పలేని వాళ్లకి మేం మొహం చూసి రాస్తాం. నుదురు ముడుచుకుందా, పళ్లు బిగిస్తున్నారా, పక్కకి తిప్పితే మూలుగుతున్నారా, పిడికిలి పడుతున్నారా. సున్నా నుంచి పది. పొద్దునా సాయంత్రం తమ్ముడు గారు రాస్తారు, మధ్యాహ్నం నేను రాస్తాను. ఆయనకి నేనే నేర్పాను."

"ప్యాచ్ వేశాక నొప్పి ఎప్పటికి తగ్గుతుంది?"

"ఒక పూట పడుతుంది. రెండో రోజు బాగుంటారు. మూడో రోజు సాయంత్రానికి మళ్లీ కాస్త మొదలవుతుంది. అప్పుడు మారుస్తాం."

"అంటే ఈ అంకెలు దిగాలి, మళ్లీ ఎక్కాలి."

"అవునండీ."

నిదానం వేలు చార్టు మీద ఒక్కో గడీ దాటుకుంటూ వెళ్లింది. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వాచీ చూశాడు, ఒకసారి ఆవలించాడు. పది నిమిషాలు గడిచాయి.

"పరీక్ష ఏమైనా రాయబోతున్నారా మేడమ్?"

"రెండు నెలల వెనక చూడండి. మూడు, రెండు, నాలుగు. మళ్లీ మూడు, రెండు, నాలుగు. దిగుతోంది, ఎక్కుతోంది. ఇక్కడ్నుంచి చూడండి. ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది. ప్యాచ్ మార్చిన మర్నాడు కూడా ఏడే. అరవై రోజుల్లో ఒక్క రోజు కూడా దిగలేదు. మంగళవారం పొద్దున ఒక్కసారిగా సున్నా."

"జబ్బు ముదిరింది. ఇందులో వింతేముంది?"

"మేమూ అలాగే అనుకున్నామండీ," అంది అమ్మాయి. "డాక్టరు గారు రెండుసార్లు మోతాదు పెంచారు. అయినా తగ్గలేదు."

"రెండు నెలల వెనక ఏం మారింది?"

"ఏమీ మారలేదండీ. అదే డాక్టరు, అదే మందు. అంతకుముందు ప్యాచ్‌లు నేనే వేసేదాన్ని. నాకు ఇళ్లు ఎక్కువయ్యాయని పెద్ద సిస్టర్ ఆ పని తన మీద వేసుకున్నారు."

నిదానం మంచం పక్కనున్న నోటుపుస్తకం తీసింది. అమ్మాయి రాత గుండ్రంగా, ఓపిగ్గా ఉంది. పెద్దక్క తిన్నదీ, తాగిందీ, నవ్విందీ, ఏడ్చిందీ అన్నీ ఉన్నాయి. ఆవిడ అన్న మాటలు కొటేషన్లలో ఉన్నాయి.

"అర్థం లేని మాటలు కూడా రాస్తావా?"

"అర్థం ఉందో లేదో తేల్చడానికి నేనెవర్నండీ? వాళ్ల మాట వాళ్ల మాటలాగే రాయాలని నా పద్ధతి."

ఇన్‌స్పెక్టరు పుస్తకం లాక్కుని పైకి చదివాడు. "'నా వీపు మీద ఉత్త స్టిక్కరు అంటించారు. బడిపిల్లల పని.' బాగుంది. 'ఇవాళ కూడా ఉత్తదే వేశారు. ఎవరికీ చెప్పకు.' ఇంకా బాగుంది. సాక్షిగా ఈవిడని కోర్టుకి తీసుకొస్తారా నిదానం గారూ?"

"సోమవారం పేజీ చదవండి. ఆరూ ఐదు."

అతను పేజీ తిప్పాడు. ఈసారి గొంతు అంత పైకి లేవలేదు.

"'నువ్వు నిజంది వేస్తావా?' అని అడిగారు. వేస్తానని చెప్పాను."

అమ్మాయి గోడకి చేరగిలబడింది. పొల్లు పోకుండా తానే రాసిన మాటని అప్పుడే మొదటిసారి వింటున్నదానిలా ఉంది.

"రాశాను," అంది. "రెండు నెలల నుంచి రాస్తూనే ఉన్నాను. నమ్మలేదు."

"పెద్ద సిస్టర్ నంబరు ఇవ్వండి," అంది నిదానం ఇన్‌స్పెక్టరుతో.

"ఆవిడ జోలికి ఎందుకు? పాపం నిన్నట్నుంచి ఊపిరి తిప్పుకోకుండా తిరుగుతోంది."

"ఒక్క ప్రశ్న."

ఫోను స్పీకర్లో పెట్టారు. రెండో రింగుకే ఎత్తింది. తియ్యటి గొంతు, వెనక బండ్ల చప్పుడు.

"చెప్పండి మేడమ్. పెద్దక్క గారు ఎలా ఉన్నారు? నేను రోజూ మొక్కుకుంటున్నాను."

"అలాగే ఉన్నారు సిస్టర్. ప్యాచ్ పనిచెయ్యట్లేదని ఆవిడ మీతో ఎప్పుడైనా అన్నారా?"

"అయ్యో, ఆవిడ మాటలు పట్టించుకుంటే ఎలాగండీ? ఒకరోజు నన్ను పెళ్లికూతురివి అంది. ఇంకోరోజు నా జేబులో పిల్లి ఉందంది. మతి లేని మనిషి, పాపం." చిన్నగా నవ్వింది. "ఆ పిల్ల మీద మాత్రం కోపం తెచ్చుకోకండి. పనిభారం. చెయ్యి తడబడి ఉంటుంది."

"మిగతా పేషెంట్లు క్షేమమేనా?"

"నేనుండగా ఏం భయం లేదండీ. ప్యాచ్ ఉన్నవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. సంస్థవాళ్లు చెప్పగానే నిన్న మధ్యాహ్నమే ముగ్గురి ఇళ్లకీ వెళ్లాను. ఒంటి మీదున్నవి తీసేసి కొత్తవి వేసేశాను. ఆ పిల్ల చెయ్యి పడ్డ చోట ఎందుకొచ్చిన అనుమానం చెప్పండి? ఇప్పుడు నాకు నిశ్చింత."

"మంచిది సిస్టర్."

ఫోను పెట్టేయగానే ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. "చూశారా? బాధ్యత అంటే అదీ. మనం అడగకముందే చేసింది."

నిదానం అమ్మాయి వైపు తిరిగింది. "సోమవారం నువ్వు ఎంతమందికి ప్యాచ్ మార్చావు?"

"పెద్దక్క గారికి ఒక్కరికేనండీ."

"మిగతా ముగ్గురికీ?"

"వాళ్లకి ఆదివారం. సిస్టరే మార్చారు. మళ్లీ ఇవాళ, బుధవారం మార్చాలి."

"ఆ ముగ్గురి మీదా నీ చెయ్యి పడలేదు."

"లేదండీ. రెండు నెలల నుంచి పడలేదు."

నిదానం ఇన్‌స్పెక్టరుని చూసింది. "ఆదివారం తను వేసినవి మంగళవారం తనే ఎందుకు పీకింది? ఇంకో రోజు ఆగితే గడువు ఎలాగూ అయిపోయేది. ఆ ఒక్క రోజు కూడా అవి వాళ్ల వీపుల మీద ఉండకూడదని ఎందుకు అనుకుంది?"

ఇన్‌స్పెక్టరు మళ్లీ చార్టు వైపు చూశాడు.

"వాడేసినవి వేసే డబ్బా తెరవండి."

"అది చెత్త."

"మీ సంతకంతో తెరవండి. అందులో నాకు కావాల్సింది లేకపోతే పదకొండు దాకా ఆగక్కర్లేదు. ఈ అమ్మాయిని ఇప్పుడే తీసుకుపోండి. నేను అడ్డురాను."

అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. నిదానం మొహంలో ఏమీ కనపడలేదు.

డబ్బాకి రెండు తాళంచెవులు. ఒకటి సిస్టర్ దగ్గర, నెలాఖరున ఆవిడే వచ్చి ఖాళీ చేస్తుంది. రెండోది ఇన్‌స్పెక్టరు నిన్న అమ్మాయి దగ్గర లాక్కున్న గుత్తిలో ఉంది. మూడోసారికి సరైనది దొరికింది. పసుప్పచ్చ డబ్బా అడుగున మడతపెట్టిన ముక్కలు ఏడు. అమ్మాయి గ్లౌజులు ఇచ్చింది. నిదానం అన్నిటికన్నా పైనున్న మడతని పట్టకారుతో మెల్లగా విప్పింది. దాని మీద నల్ల సిరాతో శుక్రవారం తేదీ ఉంది.

"ఇప్పుడు అలమారలోంచి కొత్తదొకటి తీసి పక్కన పెట్టు."

అమ్మాయి సీలు వేసిన ప్యాకెట్ చింపి బల్ల మీద పెట్టింది. రెండూ పక్కపక్కన పడ్డాయి.

కొత్తదాని మూలలు గుండ్రంగా ఉన్నాయి. దాని మీద సన్నటి అక్షరాల్లో మందు పేరు, మోతాదు అచ్చు వేసి ఉన్నాయి. శుక్రవారంనాటి ముక్క మీద మాత్రం సిరాతో రాసిన తేదీ తప్ప ఇంకో అక్షరం లేదు. మూలలు కత్తెరతో కోసినట్టు పదునుగా ఉన్నాయి. ఒక పక్క కోత కాస్త వంకర పోయింది కూడా.

నిదానం రెండోది విప్పింది. మూడోది విప్పింది. ఏడూ కత్తెర మూలలే.

"ఇది…" అమ్మాయి ముందుకి వంగి చూసింది. "ఇది మామూలు ప్లాస్టరండీ. సెలైన్ సూది ఊడకుండా అంటిస్తామే, అది."

"సోమవారం నువ్వే పీకి మడిచావు. చూడలేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి అందులో ఎగతాళి లేదు.

"చూడలేదు సార్. పాతది పీకేటప్పుడు చర్మం లాగి నొప్పి పుడుతుంది. అందుకని నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. కొత్తగా చేరిన వాళ్లందరికీ నేను చెప్పే మొదటి మాట అదే. మీ చేతిని కాదు, వాళ్ల మొహాన్ని చూడండి అని." ఆమె పెదవి కొరుక్కుంది. "ఒక్కసారి చేతిని చూసుకుని ఉంటే సరిపోయేది."

తమ్ముడు గుమ్మం దగ్గర్నుంచి అడిగాడు. "అంటే అరవై రోజులు మా అక్కకి మందే లేదా? అరిచింది కదరా అది! రాత్రుళ్లు మంచం కమ్మీ పట్టుకుని అరిచింది! జబ్బు అలాంటిది, ఓర్చుకో అక్కా అని నేను… నేను చెవి మిషను తీసేసి పడుకున్నాను."

ఎవరూ ఆయన వైపు చూడలేకపోయారు.

"ఇరవై సార్లు ఏమీ కాలేదు అన్నారు," అంది నిదానం. "నిజమే. ఏమీ కాలేదు. నొప్పి కూడా తగ్గలేదు. ఆ ఇరవైలో మందు లేదు కాబట్టి. అసలువి ఎక్కడికి పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మందుకి చీకటి బజార్లో ఎంత గిరాకీ ఉందో నాకన్నా మీకే బాగా తెలుసు."

"కానీ సోమవారం వేసింది సరైన మోతాదే కదా. డాక్టరు రాసిందే."

"చెప్పమ్మా," అంది నిదానం.

అమ్మాయి వేళ్లు శుక్రవారం ముక్క అంచు మీద ఉన్నాయి. "ఈ మందు ఒంటికి మెల్లగా అలవాటు చెయ్యాలి సార్. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, ఒంటికి పట్టాక పెంచాలి. నొప్పి తగ్గట్లేదని డాక్టరు గారు రెండుసార్లు పెంచారు. కాగితం మీద పెరిగింది. ఆవిడ ఒంటికి రెండు నెలలుగా చుక్క మందు కూడా అందలేదు. ఉన్న అలవాటూ పోయింది. అలాంటి ఒంటి మీద నేను ఒక్కసారిగా…" ఆగింది. "పూర్తి మోతాదు పెట్టాను. నా చేత్తో. అదిమి పట్టుకున్నాను కూడా."

"నువ్వు కాదు పెట్టింది," అంది నిదానం.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. పది నలభై ఎనిమిది. "సరే. సిస్టర్ని పట్టుకుంటాం. నంబరుంది, అడ్రసుంది, ఆవిడకి అనుమానం కూడా రాలేదు. ఎక్కడికి పోతుంది? కానిస్టేబుల్‌కి నేను చెప్తాను, ఈ అమ్మాయి కోసం రావద్దని. ఇంక భయపడాల్సింది…"

అతను మాట మధ్యలో ఆగాడు. అమ్మాయి అతన్ని చూడట్లేదు.

"ఆ ముగ్గురు," అంది.

"ఏ ముగ్గురు?"

"వాళ్లకి కూడా నొప్పి తగ్గట్లేదని మోతాదు పెంచారు. ఒకాయనకి మూడుసార్లు పెంచారు." ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "వాళ్లకి కూడా రెండు నెలలుగా ఉత్త ప్లాస్టరే. పోలీసులు వచ్చి వీపులు చూస్తే దొరికిపోతానని నిన్న అవి పీకేసింది. కొత్తవి వేశానంది. పోలీసులు చూసినా తప్పు పట్టకూడని కొత్తవి."

"నిజమైనవి," అంది నిదానం.

ఇన్‌స్పెక్టరు వాచీ చూశాడు. "నిన్న మధ్యాహ్నం… ఎన్ని గంటలైంది?"

"పెద్దక్క గారికి పదహారు గంటలు పట్టింది. వాళ్లకి ఇరవై కావస్తోంది."

నిదానం అప్పటికే తన ఫోను అమ్మాయి చేతిలో పెట్టింది. ఆ అమ్మాయికి తొమ్మిది ఇళ్ల నంబర్లూ నోటికి వచ్చు. మొదటిది నొక్కి స్పీకరు పెట్టింది. ఇన్‌స్పెక్టరు తన ఫోన్లో అంబులెన్స్‌కి చేశాడు. "మూడు కావాలి. అవును, మూడు!" అని అరిచి, అమ్మాయి గబగబా చెప్పిన అడ్రసులు అందించాడు, మూడో ఇంటికి దగ్గర్లోని కానిస్టేబుల్‌ని పరిగెత్తించాడు. రెండో ఇంటి నంబరు అమ్మాయి చెబుతుంటే, నిదానం హాల్లోని ఫోను దగ్గరికి పరిగెత్తి తిప్పింది. ఆవిడ పరిగెత్తడం ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ చూడలేదు.

మొదటి ఇంట్లో ఫోను ఎత్తారు. రిటైరైన రైలు డ్రైవరు గారి కోడలు.

"అయ్యో, మీరా? మీతో మాట్లాడొద్దన్నారే మమ్మల్ని. అయినా మీరు అలాంటివారు కాదని నేను మా ఆయనతో…"

"వదినా, మామయ్య గారు ఏం చేస్తున్నారు?"

"పడుకున్నారు. నిన్న సిస్టర్ వేసిన ప్యాచ్ భలే పట్టింది. రాత్రంతా ఒక్క మూలుగు లేదనుకోండి. పాపం, ఎన్నాళ్లకి నిద్రపట్టిందో అని నేను కూడా లేపలేదు."

అమ్మాయి కళ్లు మూసుకుని తెరిచింది. గొంతు మాత్రం పెద్దవాళ్లతో మాట్లాడేటప్పటిలాగే మెత్తగా, స్థిరంగా వచ్చింది.

"వదినా, నేను చెప్పినట్టు చెయ్యండి. ఎందుకని అడక్కండి. ఆయన గదిలోకి వెళ్లండి. ఆయన్ని పక్కకి తిప్పండి. భుజాల మధ్య ప్యాచ్ ఉంటుంది. పీకెయ్యండి."

"పీకెయ్యాలా? నొప్పి వస్తుందేమో…"

"పీకెయ్యండి!"

అడుగుల చప్పుడు. తలుపు. మంచం కిర్రుమంది. "తీశాను. చెయ్యి చల్లగా ఉందండీ మామయ్యది. మామయ్యా… మామయ్యా! పలకట్లేదండీ!"

"భయపడకండి. అంబులెన్స్ బయల్దేరింది. ఆయన భుజం తడుతూ పేరు పెట్టి పిలుస్తూ ఉండండి. ఇప్పుడు ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టండి. అది పైకి లేచినప్పుడల్లా నాకు వినపడేలా లెక్కపెట్టండి. సార్, మీరు వాచీ చూడండి."

ఇన్‌స్పెక్టరు మణికట్టు పైకెత్తాడు.

"ఒకటి," అంది కోడలు.

హాల్లో నిదానం చెవి దగ్గర రెండో ఇంటి ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తట్లేదు.

"రెండు."

తమ్ముడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. చెవి మిషన్ని వేలితో లోపలికి నొక్కి పట్టుకున్నాడు.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఏడుపు కలిసిన గొంతు. "మూడు… మూడండీ."

అమ్మాయి ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. "బాగా చేస్తున్నారు వదినా. ఆపొద్దు. లెక్కపెట్టండి."

కోడలు ఏడవడం ఆపింది. లెక్కపెట్టడానికి ఎదురుచూస్తోంది.

"నిమిషం అయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాలుగు ఇంకా రాలేదు.